దాతల సొమ్ముతో నడిచే చదువు పిల్లలకు ఎంత పనికొచ్చిందో కొలవడం ఎలా: నల్లగొండ, పాలమూరు సంస్థల కోసం ఒక మార్గదర్శి

మార్చి వచ్చిందంటే దేవరకొండ నుంచి గద్వాల దాకా, దాతల సాయంతో సాయంత్రపు చదువు కేంద్రాలు నడిపే చిన్న సంస్థలన్నింటిలోనూ ఒకే హడావుడి. నివేదిక పంపాలి. ఎన్ని నోటుపుస్తకాలు పంచాం, ఎంతమంది వాలంటీర్లను పెట్టాం, ఎన్ని తండాల్లో కేంద్రాలు నడిపాం అన్న వివరాలు, పంద్రాగస్టు ఫొటోలు, చివర్లో 'మా పిల్లల్లో 90 శాతం మంది చదవడం నేర్చుకున్నారు' అన్న వాక్యం. మా సంస్థ కూడా మొదటి మూడేళ్లు ఇలాంటి నివేదికలే పంపింది. నాలుగో ఏడు ఒక దాత ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా ఒకే ఒక ప్రశ్న అడిగారు: "జూన్ జాబితాలో ఉన్న పిల్లలందరూ మార్చి జాబితాలో ఉన్నారా?" లేరు. రిజిస్టర్లు తిరగేస్తే, దసరా సెలవుల తర్వాత సుమారు ప్రతి నాలుగు పేర్లలో ఒకదాని ఎదుట గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి. మేం లెక్కగట్టిన శాతం మార్చిలో మా ఎదుట కూర్చున్న పిల్లలది మాత్రమే. తల్లిదండ్రులతో పత్తి చేలకో ఇటుక బట్టీలకో వెళ్లిపోయినవారిని మేం ఫెయిలైనవారిగా కూడా రాసుకోలేదు, అసలు రాసుకోనే లేదు.

ఆ తర్వాత మేం నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతున్నాను. దీనికి పెద్ద చదువులు గానీ ఖరీదైన సాఫ్ట్‌వేర్ గానీ అక్కర్లేదు. ఒక ఎక్సెల్ షీటు, తిరిగే ఓపిక ఉన్న నలుగురు మనుషులు, ఫలితం చిన్నదిగా వచ్చినా దాచకుండా రాసే ధైర్యం ఉంటే చాలు.

1. ఏం మారాలో ముందే రాసిపెట్టుకోండి

సంస్థ ఇచ్చేది వేరు, కేంద్రంలో జరిగేది వేరు, పిల్లల్లో మారేది వేరు. పుస్తకాలు, జీతాలు, ఫీజులు మొదటి రకం. రోజుకు గంటన్నర చొప్పున ఎన్ని రోజులు పాఠం నడిచిందన్నది రెండో రకం. మూడో తరగతి పిల్ల జూన్‌లో చదవలేని కథను మార్చిలో చదవగలిగిందా అన్నది మూడో రకం. మనం కొలవవలసింది ఈ మూడోదాన్నే, మొదటి రెండూ దాన్ని అర్థం చేసుకోవడానికి పనికొస్తాయి. కేంద్రాలు తెరవకముందే, వీలైతే మే నెలలోనే, ఒక కాగితం మీద ఇలా రాసి సంతకాలు పెట్టుకోండి: 'మా కేంద్రాల్లో చేరిన 3, 4, 5 తరగతుల పిల్లల్లో, మేం లేకపోయినా కథ చదవగలిగేవారికి మించి, మరికొంతమంది మార్చికల్లా కథ చదవగలగాలి.' ఇందులో 'మేం లేకపోయినా' అన్న మాటే అసలు చిక్కు. దాని గురించి నాలుగో భాగంలో చెబుతాను.

ఫీజులు కట్టి ప్రైవేటు బడికి పంపే సంస్థలు ఇక్కడ ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే వారికి బడిలో చేర్చడమే ఫలితంగా కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2008లో మొదలుపెట్టి 180 గ్రామాల్లో ఈ విషయాన్నే పరీక్షించారు. దరఖాస్తు చేసుకున్న ప్రభుత్వ బడి పిల్లల్లో లాటరీ తీసి, గెలిచినవారికి ప్రైవేటు బడి ఫీజు చెల్లించారు. రెండేళ్ల తర్వాత, మళ్లీ నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగులోనూ గణితంలోనూ లాటరీ గెలిచినవారికీ గెలవనివారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం గెలిచినవారు ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగుకూ గణితానికీ తక్కువ సమయం కేటాయించి, పిల్లవాడికి అయ్యే ఖర్చు కూడా చాలా తక్కువగా ఉంచి, అదే స్థాయి సాధించాయన్నది ఆ అధ్యయనంలోని రెండో సంగతి. అంటే 'ప్రైవేటు బడి దండగ' అని గానీ 'ప్రైవేటు బడే మేలు' అని గానీ ఒక్క ముక్కలో తేల్చడానికి వీల్లేదు. ఏ సబ్జెక్టులో, ఎంత ఖర్చుకు, ఎవరితో పోలిస్తే అని అడిగితేనే జవాబు దొరుకుతుంది.

2. జాబితాను ఒక తేదీన మూసేయండి

బడిబాట ముగిసి, చేరికలు కాస్త కుదుటపడ్డాక, జూన్ ఆఖరులోనో జూలై మొదట్లోనో ఒక తేదీ నిర్ణయించుకొని, ఆనాటికి కేంద్రంలో పేరున్న ప్రతి పిల్లకూ పిల్లవాడికీ ఒక నంబరు ఇవ్వండి. ఆ తర్వాత ఎవరు మానేసినా, ఊరు విడిచినా, గురుకులంలో సీటు వచ్చి వెళ్లిపోయినా ఆ నంబరు కొట్టేయకూడదు. మధ్యలో చేరినవారిని వేరే జాబితాలో రాసుకోండి. మార్చిలో భాగహారం చేసేటప్పుడు కింద ఉండవలసిన అంకె ఈ జూన్ అంకే.

పేరు, తరగతి, బడి, తల్లి పేరు అందరూ రాసుకునేవే. మన ప్రాంతానికి మరో నాలుగు గళ్లు తప్పనిసరి. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి: చందంపేట, దేవరకొండ తండాల్లో లంబాడీ, నారాయణపేట సరిహద్దు ఊళ్లలో కన్నడం, మహబూబ్‌నగర్ పట్టణంలో ఉర్దూ ఉండవచ్చు. నిరుడు కుటుంబం వలస వెళ్లిందా, వెళితే ఏ నెలలో వెళ్లి ఏ నెలలో తిరిగివచ్చింది అన్నది రెండోది. కుటుంబం ఊళ్లో లేనప్పుడు కబురు తెలిసే మనిషి ఫోన్ నంబరు మూడోది. ఈ మూడోది అవ్వదో తాతదో కావచ్చు, కానీ మా అనుభవంలో ఊళ్లోని కిరాణా కొట్టు నంబరుకు మించింది లేదు, ఎందుకంటే అప్పు ఖాతా ఉన్న కుటుంబం ఎక్కడికి పోయిందో ఆ కొట్టాయనకు తప్పకుండా తెలుస్తుంది. పనికి తీసుకుపోయే మేస్త్రీ ఎవరన్నది నాలుగోది, చెప్పడానికి ఇష్టపడితేనే రాసుకోండి.

ఇవన్నీ రాసుకునే ముందు తల్లిదండ్రుల అనుమతి కావాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే, వారి వివరాలు వాడుకోవాలంటే తల్లి లేదా తండ్రి సమ్మతి ఉండాలి. చదువురాని తల్లి చేత వేలిముద్ర వేయించుకోవడం సమ్మతి కాదు. ఎందుకు అడుగుతున్నామో, ఎవరికి చూపిస్తామో, వద్దంటే పిల్లను కేంద్రం నుంచి తీసేయబోమని ఆమె భాషలో చెప్పించాలి. పేర్లున్న కాగితం ఒక బీరువాలో, మార్కులున్న షీటు మరోచోట ఉంచి, రెంటినీ నంబరుతో మాత్రమే కలపండి.

3. మొదటి పరీక్ష: నోటితో, ఒక్కొక్కరితో

బడిలో పెట్టే పరీక్షల మార్కులను నమ్ముకోవద్దు. బడి బడికీ దిద్దే తీరు మారుతుంది, పక్కవారిది చూసి రాసేవారూ ఉంటారు, అన్నిటికీ మించి చదవడమే రాని పిల్లకు ప్రశ్నపత్రమే అర్థం కాదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి దేశమంతటా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేస్తున్న అసర్ సర్వేలోని పరికరం మనలాంటి చిన్న సంస్థలకు చక్కగా సరిపోతుంది. చదవడంలో అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ అని మెట్లు ఉంటాయి. ముందు పేరా ఇస్తారు. తడబడకుండా వాక్యాలుగా చదివితే కథకు పైకి, లేదంటే పదాలకు, అక్కడా ఆగిపోతే అక్షరాలకు కిందికి వెళతారు. అంకెల్లో 1 నుంచి 9 గుర్తించడం, రెండంకెల సంఖ్యలు గుర్తించడం, అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం అన్నవి మెట్లు. ఒక్కొక్కరికి సుమారు 10 నిమిషాలు పడుతుంది.

తెలుగు లిపికి సంబంధించి నాకొక అభిప్రాయం ఉంది, మా కేంద్రాల్లో దాన్ని పాటిస్తున్నాం కూడా. అక్షరాలకూ పేరాకూ మధ్య తెలుగులో దూరం చాలా ఎక్కువ. వర్ణమాల అంతా అప్పజెప్పే పిల్లవాడు గుణింతం దగ్గర తడబడతాడు, గుణింతం వచ్చినవాడు ఒత్తుల దగ్గర ఆగిపోతాడు. 'పలక' చదివిన నోటితోనే 'పుస్తకం' అనలేక 'పుసతకం' అంటాడు. ఏడాదంతా కష్టపడి అక్షరాల నుంచి ఒత్తుల దాకా వచ్చిన పిల్ల అసర్ మెట్ల ప్రకారం 'పదాలు' అన్న గడిలోనే మిగిలిపోతుంది, పాఠం చెప్పిన వాలంటీరు కష్టం కూడా ఎక్కడా కనబడదు. అందుకని గుణింతపు పదాలకు ఒక మెట్టు, ఒత్తుల పదాలకు ఒక మెట్టు మేం అదనంగా రాసుకుంటాం. బయటివారితో పోల్చి చూపేటప్పుడు మాత్రం అసర్ మెట్లనే వాడతాం.

భాష సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకాల్లో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లిష్. రెండు భాషల్లోనూ పరీక్షించాలనుకుంటే విడివిడిగా పరీక్షించండి, మార్కులు కలపకండి. ఒక తండాలో నాలుగో తరగతి పిల్ల పేరా అంతా చక్కగా చదివింది. ఆవు చెరువు దగ్గరికి వెళ్లి ఏం తాగిందమ్మా అని అడిగితే 'పాణి' అంది. వాలంటీరు 'అర్థం కాలేదు' అని గీత గీశాడు. లంబాడీలో పాణి అంటే నీళ్లే. ఆ గీత కొట్టేయించడానికి నేను పక్కన ఉన్నాను గనుక సరిపోయింది, లేని రోజుల్లో ఎన్ని గీతలు పడ్డాయో.

పాఠం చెప్పే మనిషి తన పిల్లలను తానే పరీక్షించకూడదు. దీన్ని మా వాలంటీర్లు మొదట అవమానంగా తీసుకున్నారు. ఒకరోజు మునుగోడు వైపు ఒక కేంద్రంలో, వేపచెట్టు కింద పరీక్ష జరుగుతుండగా, మూడో తరగతి పిల్లకు 43లోంచి 28 తీసేయమని లెక్క ఇచ్చారు. ఆమె ఏ అంకె పెద్దదైతే దానిలోంచి చిన్నదాన్ని తీసేసి, ఎనిమిదిలోంచి మూడు పోతే ఐదు, నాలుగులోంచి రెండు పోతే రెండు అని, 25 రాసి పలక పైకెత్తింది. ఎదురుగా కూర్చున్న ఆమె టీచరు ఏమీ అనలేదు, సన్నగా దగ్గాడు. ఆ పిల్ల అతని ముఖం చూసింది, పలక తుడిచేసింది, వేళ్లు లెక్కపెట్టి 15 రాసింది. షీటులో 'తీసివేత వచ్చు' అని పడింది. ఆ టీచరు మోసగాడు కాడు, పిల్లంటే ప్రేమ ఉన్నవాడు. అందుకే మార్చాలి: ఈ కేంద్రం వాలంటీరు ఆ కేంద్రానికి, ఆ కేంద్రం వాలంటీరు ఈ కేంద్రానికి. పరీక్షకు ముందు వారంతా ఒకచోట కూర్చొని, ఒకే పిల్లను ఇద్దరేసి విడివిడిగా గమనించి ఇద్దరూ ఒకే మెట్టు రాస్తున్నారో లేదో సరిచూసుకోవాలి. పదిమంది పిల్లల్లో ఇద్దరి విషయంలో తేడా వచ్చినా శిక్షణ మళ్లీ మొదలుపెట్టవలసిందే.

4. మనం లేకపోతే ఏమై ఉండేది?

పిల్లలు ఊరికే కూర్చొని ఉండరు. బడికి వెళతారు, వయసు పెరుగుతుంది, అక్కల దగ్గర నేర్చుకుంటారు. 2022 ఆగస్టు నుంచి ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో తొలిమెట్టు అనే కార్యక్రమం నడిచింది, దాని ఉద్దేశమూ మన ఉద్దేశమూ ఒకటే, అంటే చదవడం, రాయడం, కనీస లెక్కలు. జూన్ నుంచి మార్చికి వచ్చిన పెరుగుదల అంతా మనదే అని రాసుకుంటే, బడిలో సారు చెప్పిన పాఠాన్ని మన ఖాతాలో జమ చేసుకున్నట్టే. నల్లగొండలో ఇంకో ఉదాహరణ చెప్పవచ్చు. మర్రిగూడ, మునుగోడు వైపు ఊళ్లలో మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పిల్లలు ఫ్లోరైడు నీళ్లు తాగే అవసరం తగ్గింది. అదే ఏళ్లలో హాజరు పెరిగితే, అందులో నీళ్ల పాలెంత, చదువు కేంద్రం పాలెంత?

దీనికి జవాబు ఒక్కటే, మన సాయం అందని అలాంటి పిల్లలను కూడా అదే రోజుల్లో, అదే పరికరంతో పరీక్షించడం. అలాంటివారిని ఎంచుకోవడానికి మూడు దారులున్నాయి.

అన్నిటికన్నా గట్టిది చీటీలు తీయడం. సీట్లు 30 ఉండి 60 మంది వస్తే, సర్పంచినీ తల్లులనూ కూర్చోబెట్టి వారి ఎదుటే చీటీలు తీయండి. చీటీ రానివారు పోల్చుకోవడానికి పనికొస్తారు, వచ్చే ఏడాది సీట్లు మొదట వారివే. 'పేదపిల్లల దగ్గర లాటరీ ఏమిటి' అని చాలామంది నొచ్చుకుంటారు, నేనూ నొచ్చుకున్నాను. కానీ సీట్లు ఎలాగూ సగం మందికే ఉన్నప్పుడు, వార్డు మెంబరు చెప్పినవారికి, వాలంటీరు బంధువులకు, ముందు పరిగెత్తుకొచ్చినవారికి ఇవ్వడం కన్నా చీటీ ఎక్కువ న్యాయం. ఒక ముసలమ్మ ఈ మాటను నాకన్నా బాగా చెప్పింది: "చీటీల పోతె నా నసీబు. మెంబరు చెప్తె పోతె కడుపు మండుతది."

రెండోది ఊళ్లవారీగా వంతులు. ఇరవై తండాల్లో కేంద్రాలు తెరవాలి, ఈ ఏడాది పదింటికే డబ్బుంది అనుకోండి, ఏ పదింటిలో ముందు తెరవాలో చీటీ తీసి తేల్చండి, మిగతా పది వచ్చే జూన్‌లో. ఒకే బడిలో సగం మంది మన కేంద్రానికి వస్తే, వారి పుస్తకాలు చూసి మిగతావారూ నేర్చుకుంటారు, అప్పుడు తేడా తక్కువగా కనబడుతుంది. ఊరు మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకుంటే ఆ చిక్కు ఉండదు.

ఇవి రెండూ కుదరకపోతే మూడోది, పక్క ఊళ్లతో పోలిక. బడిలో పిల్లల సంఖ్య, టీచర్ల సంఖ్య, వలస, సాగునీరు, ఇంటి భాష దగ్గరదగ్గరగా ఉన్న ఊళ్లను వెతకండి. కేంద్రం ఉన్న ఊరు కాలువ కింద, పోల్చే ఊరు బోరు కింద ఉంటే వలసే వేరు, చదువూ వేరు.

ఊహించిన అంకెలతో ఒక లెక్క చూడండి. కేంద్రాలున్న ఊళ్లలో కథ చదవగలిగినవారు జూన్‌లో 100కు 18 మంది, మార్చిలో 46 మంది. పెరుగుదల 28. కేంద్రాలు లేని ఊళ్లలో జూన్‌లో 20, మార్చిలో 37. అక్కడ మనం ఏమీ చేయకుండానే 17 పెరిగింది. మనం చేసిన మేలు 28 కాదు, 28లోంచి 17 పోగా 11. మా సమావేశంలో ఇలాంటి లెక్క మొదటిసారి బోర్డు మీద వేసినప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇక్కడ రెండు హెచ్చరికలు. అందరికన్నా వెనకబడిన పిల్లలనే ఎంచి కేంద్రంలో చేర్చుకుంటే, వారిలో కొందరు ఆ రోజు జ్వరం వల్లో భయం వల్లో తక్కువ చేసి ఉంటారు, రెండోసారి మామూలుగానే మెరుగ్గా చేస్తారు, అది మన గొప్ప కాదు. కాబట్టి పోల్చే ఊళ్లలోనూ అంతే వెనకబడినవారిని, అదే పద్ధతిలో ఎంచాలి. ఇక రెండోది: 6 ఊళ్లలో 300 మంది ఉన్నారంటే మన దగ్గర 300 వేర్వేరు సాక్ష్యాలు ఉన్నట్టు కాదు. ఒక ఊరి పిల్లలందరికీ టీచరు ఒక్కరే, కరువు ఒక్కటే. ఊరికి 50 మంది చొప్పున 6 ఊళ్లకన్నా, ఊరికి 15 మంది చొప్పున 20 ఊళ్లు ఎక్కువ నిజం చెబుతాయి.

5. ఏడాది మధ్యలో

ఇక్కడ చేయవలసింది తక్కువే. రోజూ హాజరు, రోజూ పాఠం జరిగిందో లేదో, నెలకొకసారి చెప్పకుండా వెళ్లి తలలు లెక్కపెట్టడం. ఆ రోజు లెక్కకూ రిజిస్టరుకూ తేడా ఉంటే ఆ తేడాను కూడా రాసిపెట్టండి. ఒక కేంద్రంలో రిజిస్టరు నెలంతా ఒకే సిరాతో, ఒకే ఒరవడితో నిండి కనిపించింది. నెలాఖరున ఒకేసారి కూర్చొని నింపినదని వేరే చెప్పనక్కర్లేదు.

పంటల క్యాలెండరును గోడకు తగిలించుకోండి. గద్వాల వైపు సీడ్ పత్తి క్రాసింగ్ (విత్తనాల కోసం పత్తి పూలను చేత్తో సంకరం చేసే పని) రోజుల్లో చిన్నపిల్లల వేళ్లకు గిరాకీ ఉంటుంది, నల్లగొండలో పత్తి తీసే రోజుల్లో చెల్లెళ్లను చూసుకోవడానికి అక్కలు బడి మానేస్తారు. ఆ వారాల్లో ఏ పిల్ల ఎన్ని రోజులు రాలేదో తెలిస్తేనే, మార్చిలో ఫలితం తక్కువగా వచ్చినప్పుడు పాఠం బాగాలేక అలా వచ్చిందా, పాఠం అందకనే అలా వచ్చిందా అన్నది చెప్పగలం. ఈ రెండింటికీ మందు వేరువేరు.

6. చివరి పరీక్ష, కనబడని పిల్లలు

చివరి పరీక్షను ఒంటిపూట బడులు మొదలయ్యే మార్చి నడిమి రోజుల్లో పెట్టుకోండి. ఏప్రిల్‌లో బడి పరీక్షలు అడ్డం వస్తాయి, ఆ తర్వాత సెలవులు. కథలూ లెక్కలూ జూన్‌లో ఇచ్చినవి కాకుండా అదే కష్టంలో ఉన్న వేరేవి వాడండి, లేకపోతే వాలంటీర్లు తెలియకుండానే ఆ కథనే ఏడాదంతా చదివిస్తారు.

పరీక్ష రోజు జూన్ జాబితా చేతిలో పట్టుకొని పిలవండి, ఎదుట ఉన్నవారిని చూసి రాయకండి. రానివారి ఇంటికి వెళ్లండి. లేకపోతే వారం తర్వాత మళ్లీ వెళ్లండి. మూడోసారి పొద్దున్నే, కూలికి పోకముందు వెళ్లండి. అప్పటికీ దొరకకపోతే కిరాణా కొట్టుకు ఫోన్ చేయండి. చౌటుప్పల్ దగ్గరో హైదరాబాద్ అంచుల్లోనో ఇటుక బట్టీలో ఉన్నారని తెలిస్తే, ఒక రోజు బస్సు ఖర్చు పెట్టుకొని వెళ్లి అక్కడే పరీక్షించవచ్చు. మేం అలా వెళ్లినప్పుడు ఒక పిల్లవాడు బట్టీ గోడ మీద బొగ్గుతో రోజువారీ ఇటుకల లెక్క రాస్తూ కనిపించాడు. వాడికి తీసివేతా వచ్చు, భాగహారమూ వచ్చు. మా షీటులో మాత్రం వాడి గడి ఖాళీగా ఉండేది.

బొంబాయి, పుణె వెళ్లినవారిని అందరినీ వెతకలేం. అప్పుడు లెక్కను మూడు రకాలుగా చూపాలి. జూన్‌లో 200 మంది, మార్చిలో దొరికినవారు 150, వారిలో కథ చదివినవారు 75 అనుకోండి. దొరికినవారిలో అది 50 శాతం. దొరకని 50 మందికీ రాదనుకుంటే 200కు 75, అంటే 37.5 శాతం. అందరికీ వచ్చనుకుంటే 200కు 125, అంటే 62.5 శాతం. నిజం ఈ రెండు అంచుల మధ్య ఎక్కడో ఉంది. మూడు అంకెలూ నివేదికలో పక్కపక్కనే ఉండాలి. దాంతోపాటు, వెళ్లిపోయినవారు జూన్‌లో ఏ మెట్టులో ఉన్నారో చూడండి. వారు ఉన్నవారికన్నా కింది మెట్లలోనే ఉంటే, నిజం కింది అంచుకు దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ. పోల్చే ఊళ్లలో కూడా ఇంతే ఓపికగా వెతకాలి. మన ఊళ్లలో 90 మందిని, పక్క ఊళ్లలో 60 మందిని వెతికితే ఆ పోలికే చెడిపోతుంది.

7. ఖర్చు లెక్క

సంస్థ ఏడాదికి 12 లక్షల రూపాయలు ఖర్చు చేసి 300 మందికి చదువు చెప్పిందనుకోండి. మనిషికి 4,000. దాతలకు నచ్చే అంకె ఇదే. నాలుగో భాగంలోని లెక్క ప్రకారం (100కు 46) కథ చదివిన 138 మందికి పంచితే ఒక్కొక్కరికి సుమారు 8,700. కానీ అదే లెక్క ప్రకారం మనవల్ల అదనంగా కథ చదివినవారు 300లో 11 శాతం, అంటే 33 మంది. అప్పుడు ఒక్కో అదనపు పిల్లకు ఖర్చు 36,000 దాటుతుంది. ఈ అంకె చూసి కేంద్రం మూసేయనక్కర్లేదు, దాచనూ అక్కర్లేదు. కథ దాకా రాకపోయినా అక్షరాల నుంచి ఒత్తుల దాకా వచ్చినవారి మేలు ఇందులో లేదు, కాబట్టి ప్రతి మెట్టులో వచ్చిన తేడానూ పట్టికగా చూపండి. పంచాయతీ ఇచ్చిన గదికి అద్దె, జీతం తీసుకోని వాలంటీరు గంటలు కూడా ఖర్చు వైపు రాయండి. మరో ఊళ్లో ఎవరైనా ఇదే పని చేయాలనుకుంటే వారికి గది ఊరికే రాకపోవచ్చు.

దాత ఒక కంపెనీ అయితే వారికి చట్టం కూడా ఉంటుంది. కంపెనీల చట్టం కింద 2021 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, సగటున ఏటా 10 కోట్లు, ఆ పైన సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయవలసిన కంపెనీలు, కోటి రూపాయలు, ఆ పైన పెట్టిన ప్రాజెక్టులు ముగిసిన ఏడాది తర్వాత బయటి సంస్థ చేత ప్రభావ అంచనా చేయించాలి. మన 12 లక్షల పనికి అది వర్తించదు. కానీ ఆ కంపెనీ మనుషులు అదే ఫారం మనకూ పంపుతారు, అందులో 'లబ్ధిదారుల సంఖ్య' అన్న గడి ఉంటుంది. జూన్ అంకె, మార్చి అంకె రెండూ రాసి పంపండి.

8. తల్లిదండ్రులను అడగడం

'మా కేంద్రం బాగుందా?' అని అడిగితే జవాబు ఎప్పుడూ ఒకటే: "మంచిగుంది సారూ." మర్యాద కోసం, వచ్చే ఏడాది కూడా సీటు ఉండాలని అలాగే అంటారు. దానికి బదులు జరిగిన సంగతి అడగండి. నిన్న సాయంత్రం బిడ్డ ఇంట్లో ఏం చదివింది? ఆఖరిసారి ఎప్పుడు ఏదైనా చదివి వినిపించింది? కేంద్రానికి పోని రోజు ఎందుకు పోలేదు? ఒక తల్లి ఇలా చెప్పింది: "మందుల చీటి మీద పొద్దుగాల ఎన్ని, రాత్రి ఎన్ని అని నా బిడ్డనే చెప్తది. మునుపు ఆరెంపీ డాక్టరు దగ్గరికి మల్ల పోతుంటిమి." ఇలాంటి మాటలను అంకెలకు బదులుగా వాడకండి, అంకెలు ఎందుకు అలా వచ్చాయో తెలుసుకోవడానికి వాడండి. మానేసిన పిల్లల తల్లులను తప్పకుండా అడగండి. ఉన్నవారికన్నా వారే ఎక్కువ నేర్పుతారు.

9. ఏడాది తర్వాత మళ్లీ

మార్చి తేడా మరుసటి మార్చికి మిగిలిందా లేదా చూడనిదే పని పూర్తి కాదు. వడోదర, ముంబయి బడుల్లో వెనకబడిన పిల్లలకు స్థానిక యువతుల చేత విడిగా పాఠాలు చెప్పించిన బాల్‌సఖి కార్యక్రమాన్ని, తర్వాత 2019లో నోబెల్ బహుమతి అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తమ సహచరులతో కలిసి చీటీ పద్ధతిలోనే పరీక్షించారు. రెండో ఏడాది చివర మంచి మెరుగుదల కనిపించింది. కార్యక్రమం ఆగిన ఏడాదికి అందులో చాలా భాగం కరిగి, కొంతే మిగిలింది. మన కేంద్రాలూ ఇందుకు మినహాయింపు అనుకోవడానికి నాకు కారణం కనబడదు.

ఈ పరీక్షకు అందరూ అవసరం లేదు. జూన్ జాబితా నంబర్లలోంచి చీటీలు తీసి 60 మందిని ఎంచి, పోల్చే ఊళ్ల నుంచి కూడా అంతమందిని తీసుకుంటే చాలు. ఐదో తరగతి దాటినవారు ఉన్నత పాఠశాలలకో కస్తూర్బా విద్యాలయాలకో గురుకులాలకో చెదిరిపోయి ఉంటారు. హాస్టల్ పిల్లలను సంక్రాంతి సెలవుల్లో ఇంటి దగ్గరే పట్టుకోవడం సులువు, హెడ్మాస్టరు అనుమతుల కోసం నెలలు తిరగనక్కర్లేదు. వలస కుటుంబాలు ఉగాదికో, ఊరి జాతరకో తిరిగి వస్తాయి. ఏ తండాకు ఏ పండుగ రోజుల్లో వెళ్లాలో ముందే కిరాణా కొట్టాయనను అడిగి, ఒక రోజుకు ఒక వాలంటీరుకు పదిమందికి మించి పెట్టుకోకుండా, జూన్ జాబితా నకలు ఒకటి సంచిలో పెట్టుకొని బయల్దేరండి.